ముక్కు విరిగిన చిలక

ఫిబ్రవరి 11, 2025

ఈ డైరీ బ్యాంకు వాళ్లు ఊరికే ఇచ్చారు. రంగుల పాళ్లు రాసుకుందామని బల్ల సొరుగులో పెట్టాను గానీ ఒక్క ముక్కా రాయలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పనికి పాళ్లు ఏం రాసుకుంటాను. ఇవాళ మాత్రం రాసుకోవలసిన సంగతి జరిగింది.

హైదరాబాదు నుంచి ఇద్దరబ్బాయిలూ ఒకమ్మాయీ కారులో మా షెడ్డుకి వచ్చారు. పెడనలో ఉన్న పాత కలంకారీ అచ్చులన్నీ కంప్యూటర్లో భద్రం చేస్తున్నారట. అచ్చు అరిగినా, చెదలు పట్టినా, చెక్కినవాడు పోయినా, బొమ్మ మాత్రం ఉండిపోతుందట. మంచి పనే కదా. నాలుగు అద్దకం బల్లలూ చూశారు, గుడ్డకి పట్టించే కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలుపుతుంటే ముక్కు మూసుకుని చూశారు. చివరికి నా చేతిలో ఉన్న చిలక అచ్చు దగ్గర ఆగిపోయారు. దానిమ్మకాయ పొడవబోతున్న చిలక. అలాంటి రెక్క గీతలు ఇంకెక్కడా చూడలేదంది ఆ అమ్మాయి.

"అచ్చు మీదేనా అండీ?" అంది.

నాదే అన్నాను.

అచ్చుని ఒక పెట్టెలాంటి దాంట్లో పెట్టి అన్ని వైపులా వెలుతురు కొట్టి ఫోటోలు తీశారు. నా ఫోనుకి ఏదో నంబరు వస్తుంది చెప్పండన్నారు, చెప్పాను. తర్వాత అందరి ముందూ నాకు శాలువా కప్పారు. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ మూల పాలు వడకడుతున్న కుసుమ కూడా చేతులు తుడుచుకుని వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నిజంగానే ఇంక ఆ బొమ్మ పోదా?" అని అడిగింది.

"వెయ్యేళ్లయినా పోదమ్మా. మనం పోయినా అది పోదు" అన్నాను. శాలువా భుజాన ఉంటే ఎలాంటి మాటలైనా వస్తాయి మరి.

ఫిబ్రవరి 12

శాలువాని కోటేశ్వరమ్మ బీరువాలో అన్నిటికంటే అడుగున పెట్టింది. "చిలకని చెక్కింది మా అన్నయ్య మురళి. శాలువా మాత్రం మీకు కప్పారా?" అంది. మా ఆవిడకి ఎక్కడ ఏ మాట అనాలో తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉన్న అచ్చు నాది కాక ఎవరిదవుతుంది?

మార్చి 3

ఆ హైదరాబాదు కంపెనీ వాళ్లు కొత్త అచ్చు పంపుతామన్న మాట నిలబెట్టుకున్నారు. మిషను మీద కోసిన కొత్త చిలక అచ్చు కొరియర్లో పంపారు. గీతలు ఎంత పదునుగా ఉన్నాయంటే వేలు పెడితే తెగేలా ఉంది. మన చిలకకి ముక్కు కొన విరిగి ఉంటుంది కదా, మిషను దాన్నీ అలాగే విరిచి కోసింది. విరిగిందో, అలా చెక్కారో దానికేం తెలుసు. చూసి నవ్వుకున్నాను.

పాత అచ్చు ఎప్పుడో పని అయిపోయింది. రెండేళ్లుగా గీతకీ గీతకీ మధ్య రంగు నిలిచి మరకలు పడుతున్నాయి. అరిగిపోయిన అచ్చుల బుట్టలో వేశాను. అరిగిన అచ్చు పారేయకూడదు, అమ్మకూడదు. రంగు ఉడికించే రాగి గంగాళం కింద పొయ్యిలో పెట్టాలి. మా నాన్న అలాగే చేశాడు, ఊళ్లో అందరూ అలాగే చేస్తారు. బట్టకి ఎర్రదనం ఇచ్చే చివరి పని కూడా అచ్చుదే కావాలంటారు. ఏళ్ల తరబడి నూనె పట్టించిన టేకు చెక్క, మంట నిలకడగా ఉంటుంది.

బుట్ట పొయ్యి దగ్గర పెట్టించి నేను బందరు వెళ్లాను. గంగాళం దగ్గర ఉండమని షెడ్డులో పనిచేసే వీరాంజనేయులుకి చెప్పాను.

మార్చి 4

బందరులో పనేమీ లేదు. కోనేరు సెంటర్లో టీ తాగి తిరిగొచ్చాను. బుట్ట ఖాళీగా ఉంది. బాధేమీ లేదు. అది వెయ్యేళ్లు ఉంటుంది.

ఏప్రిల్ 19

కాలవలు కట్టేశారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా పెద్ద పని లేదు. బోరు నీళ్లలో ఉతికితే ఉప్పుకి ఎరుపు చచ్చిపోతుంది. పారే నీళ్లు కావాలి.

పని లేని రోజుల్లో మురళి ఎక్కువ గుర్తొస్తాడు. పోయి నాలుగేళ్లు. నాకంటే ఏడాది చిన్న. మా ఆవిడకి పెదనాన్న కొడుకే అయినా, ఆ చుట్టరికం కలవక ముందు నుంచే ఒకర్నొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. నేను అద్దేవాణ్ణి, వాడు చెక్కేవాడు. ఆ చిలకని నేను చెక్కమనలేదు. 1996లో నాలుగు నెలలు ఎవరికీ చూపించకుండా చెక్కి, ఆగస్టులో ఒక పొద్దున నా బల్ల మీద పెట్టాడు. "అచ్చు నాది, అద్దకం నీది బావా. ఇది ఊళ్లో ఇంకో బల్ల ఎక్కకూడదు" అన్నాడు.

వాడికొక అలవాటు ఉండేది. ఏ కొత్త అచ్చు అయినా మొట్టమొదట జేబురుమాలంత గుడ్డ మీద అద్దించేవాడు. దాన్ని చూపు గుడ్డ అనేవాడు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నల్లరంగు మా దగ్గర ఉంటుంది, కసిమి. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది పడిందంటే ఉతికినా ఉడికించినా పోదు. దాంతో గుడ్డ అంచున తేదీ రాసేవాడు. చెక్కినవాడి పేరు, అద్దినవాడి పేరు. రాసి, మడిచి, తన ఉలుల మూటలో పెట్టుకునేవాడు. ఎందుకురా అంటే, "అచ్చుకి పుట్టినరోజు ఉండద్దా" అనేవాడు.

ముక్కు విరిగిన రోజు కూడా గుర్తే. 2004 డిసెంబరు. మురళి భార్య కుసుమకి బందరు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. అద్దుతున్న అచ్చు నా చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. నా ప్రాణం పోయినట్టయింది. మురళి వంగి తీసుకుని చూసి, "పోనీలే బావా, ఇంట్లో మాట్లాడేవాళ్లు ఇద్దరయ్యారు, ఇది ఊరుకుంటుందిలే" అన్నాడు. వేరే అచ్చు చెక్కమంటే ససేమిరా అన్నాడు. ఆ ఆడపిల్లే ఝాన్సీ. ఇప్పుడు గుడ్లవల్లేరులో ఇంజనీరింగు మూడో ఏడు.

వాడు ఉంటే ఎండాకాలం ఇంత పొడుగ్గా ఉండేది కాదు.

మే 27

కోటేశ్వరమ్మ కళ్ల పరీక్షకి గుడివాడ వెళ్లాం. తిరుగు బస్సులో మా ముందు సీటులో ఒకామె కూర్చుంది, నీలం చుడీదారు మీద వరసలు వరసలుగా చిలకలు. ముక్కు విరిగిన చిలకలు. ఒక్కసారి గుండె పొంగింది. మన చిలక గుడివాడ దాకా వచ్చిందే అనుకున్నాను.

"ఎక్కడ కొన్నారమ్మా?" అన్నాను.

"ఆన్‌లైన్లో అండీ. రెండొందల నలభై. పెడన కలంకారీ అంట" అందామె.

మేము ఆ రంగు నీలం వేయం. ఆమె దిగేటప్పుడు చున్నీ చెంగు నా మోకాలికి తగిలింది. వెనక వైపు చూశాను. తెల్లగా ఉంది. మన అద్దకం నూలులోకి దిగుతుంది, వెనక కూడా బొమ్మ తెలుస్తుంది. పాల వాసనా లేదు, కరక్కాయ వాసనా లేదు. ఎక్కడో మిషను మీద మైళ్ల కొద్దీ కొట్టి పారేసిన గుడ్డ. అందులో ప్రతి చిలకకీ నా చేతిలోంచి జారిన ముక్కే.

కోటేశ్వరమ్మ నా వైపు చూసింది. కళ్లలో మందు వేశారు, ఆవిడకి కనిపించి ఉండదు.

మే 28

కనిపించిందట.

జూన్ 10

ఇవాళ ఝాన్సీ కాలేజీ నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చింది. బ్యాగు కూడా దించలేదు.

"మావయ్యా, మన కొట్టు మూసేశారు."

మూడేళ్ల కిందట ఆ పిల్ల తన ఫోన్లోనే ఒక యాప్‌లో మాకు కొట్టు పెట్టింది. బెంగుళూరు, పూనా, ఎక్కడెక్కడి వాళ్లో కొంటున్నారు. నాలుగు బల్లలూ నడుస్తున్నాయంటే దాని మీదే. అంతకు ముందు షావుకారు ఏం ఇస్తే అదే తీసుకునేవాళ్లం. ఝాన్సీ కొట్టు పెట్టాక మొదటిసారి మన బట్టకి మనం ధర చెప్పాం.

ఆ కొట్టులో మేం చిలక దుప్పట్లు అమ్మడం దొంగతనమట. ఆ బొమ్మ ఏప్రిల్లో ఒక కంపెనీ పేరున నమోదయిందట. ఎవరి పేరున అన్నాను. ఝాన్సీ చెప్పింది. నాకు శాలువా కప్పినవాళ్లే.

పదిహేను రోజుల్లో ఆ బొమ్మ అంతకు ముందు నుంచీ మాదేనని రుజువు పంపాలి. లేకపోతే కొట్టు శాశ్వతంగా మూత. నలుగురు అద్దేవాళ్లు, ఇద్దరు ఉతికేవాళ్లు, కుసుమ. వీళ్లని పనిలోకి ఏమని పిలవను.

"వాళ్లతో ఒకసారి మాట్లాడదాం" అన్నాను.

"ఎవరితో మావయ్యా? ఇందులో మనుషులు ఉండరు. చూడండి, ఏం రాసినా 'మీ సమస్య మాకు అర్థమైంది' అంటోంది. ఇందాకటి నుంచి ఆరుసార్లు అర్థమైంది."

షావుకారు దగ్గర అన్యాయమే జరిగేది. కానీ వాడి అరుగు మీద కూర్చుని వాణ్ణి తిట్టి, వాడి మజ్జిగే తాగి వచ్చేవాళ్లం. మరుసటి వారం ఒక మెట్టు దిగేవాడు. దీనికి అరుగు లేదు.

జూన్ 11

నాకు వచ్చిన నంబరు చెప్పానే, దానితో నేను ఒప్పుకున్న కాగితం ఝాన్సీ ఎలాగో బయటికి తీసింది. ఇంగ్లీషులో పదకొండు పేజీలు. ఆ అచ్చుకి యజమానిని నేనేనట, బొమ్మ మీద హక్కులన్నీ ఇష్టపూర్తిగా వాళ్లకి ఇచ్చేశానట.

ఝాన్సీ ఆ పేజీలు మళ్లీ మొదటి నుంచీ చదివింది. తర్వాత మెల్లగా అంది, "మావయ్యా, అచ్చు నాన్నది కదా. మీది అయితే కదా మీరు ఇవ్వడానికి. అది నాన్నదని చూపిస్తే ఈ కాగితం చెల్లదు."

"ఎలా చూపిస్తాం?"

"అమ్మ దగ్గర నాన్న చూపు గుడ్డలు ఉంటాయిగా. తేదీ, పేరు అన్నీ ఉంటాయి."

"అవెక్కడున్నాయమ్మా. చెదలు పట్టి ఉంటాయి. అమ్మకి ఏమీ చెప్పకు, బెంగ పెట్టుకుంటుంది. నేను వేరే దారి చూస్తాను" అన్నాను.

చెదలు పట్టే ఉంటాయి. వాడి ఉలుల మూట నేల మీది పెట్టెలోనే ఉంటుంది కదా.

జూన్ 13

చూపు గుడ్డ అడగాలంటే కుసుమకి ఏమని చెప్పాలి. నీ మొగుడి అచ్చు నాదన్నానని చెప్పాలి. వాళ్లకి రాసిచ్చానని చెప్పాలి. అచ్చు ఏది అన్నయ్యా అంటే పొయ్యిలో పెట్టించానని చెప్పాలి. బెంగ పెట్టుకుంటుందని చెప్పడం లేదు, అంతే.

పాత చిలక దుప్పట్లు ఊళ్లల్లో ఎన్ని లేవు. ఒకటి దొరికినా చాలు.

జూన్ 15

బందరు పక్క గిలకలదిండి రేవుకి వెళ్లాను. అక్కడ దేవసహాయానికి రెండు చేపల బోట్లు. 1998లో తన పెళ్లికి మా షెడ్డు నుంచే చిలక దుప్పటి తీసుకున్నాడు. మురళీ నేనూ సైకిలు మీద తీసుకెళ్లి ఇచ్చాం, ఎండు చేపలు కట్టిచ్చి పంపాడు. దారంతా కుక్కలు మా సైకిలు వెంట పడ్డాయి. మురళి వెనక కూర్చుని, "నన్ను దింపేసి నువ్వు బతుకు బావా" అని అరుస్తూనే ఉన్నాడు. ఇరవై ఏడేళ్లయింది, ఆ మలుపు దగ్గరికి రాగానే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇవాళ కూడా వచ్చింది.

దేవసహాయం రేవులోనే ఉన్నాడు, ఐసు దింపించుకుంటున్నాడు. నిషేధం అయిపోయి మళ్లీ వేట మొదలయ్యే రోజు కావడంతో రేవంతా సందడిగా ఉంది.

"ఆ దుప్పటా? ఎందుకుండదు మావా" అని బోటు ఎక్కి, ఇంజను పక్క నుంచి ఒక గుడ్డ తెచ్చాడు. డీజిలు తుడిచే గుడ్డ. అరచెయ్యంత. "పాతికేళ్లు కప్పుకున్నాం. ముందు మేము, తర్వాత పిల్లలు, తర్వాత వలలు. ఇదే మిగిలింది. రంగు చూడు, ఏమైనా పోయిందా?"

పోలేదు. ఎరుపు ఎరుపుగానే ఉంది. కానీ అందులో ఉన్నది చిలక తోక మాత్రమే.

"దేనికి మావా, మళ్లీ వేయిస్తావా?" అన్నాడు. చెప్పాను. మురళి గురించి కాదు, కంపెనీ గురించి చెప్పాను. అంతా విని దేవసహాయం అన్నాడు, "మాకూ అంతే. చేప ధర ఇప్పుడు ఫోన్లోనే చెప్తున్నారు. ఇదివరకు వేలం పాటగాడితో దెబ్బలాడేవాణ్ణి. ఇప్పుడు ఎవరితో దెబ్బలాడను, నాకు గొంతే పోయింది." తర్వాత, "మురళి ఇంట్లో అడగలేదా? ఆయన అన్నీ దాచేవాడుగా" అన్నాడు.

బస్సు టైమైందని వచ్చేశాను.

జూన్ 18

ఇంకా ఏడు రోజులు. ఎక్కడా దొరకలేదు. అవనిగడ్డలో ఒకరి దగ్గర ఉందంటే వెళ్లాను, కరకట్ట మీద గంటన్నర ఆటోలో. అది చిలక కాదు, నెమలి.

జూన్ 19

కోటేశ్వరమ్మ అన్నం పెడుతూ అంది, "దివిసీమ దాకా తిరిగారు. వెనక వీధిలో కుసుమ ఇంటికి వెళ్లడానికి కాళ్లు రావడం లేదు." నేను మజ్జిగ పోసుకున్నాను.

జూన్ 20

పొద్దున్నే కుసుమ తనే వచ్చింది. చేతిలో మురళి ఉలుల మూట. పని లేని రోజుల్లో షెడ్డుకి రాదు. నా బల్ల మీద మూట పెట్టి ముడి విప్పింది. ఉలులన్నీ నూనె రాసి ఉన్నాయి. నాలుగేళ్లుగా రాస్తోందన్నమాట. వాటి కింద చూపు గుడ్డలు, దొంతరగా. చెదలు లేవు, ఏమీ లేవు.

"ఝాన్సీ చెప్పింది అన్నయ్యా. దాన్ని ఏమీ అనకండి" అంది.

ఒక్కొక్కటే తీసింది. మామిడి పిందెలు, తీగలు, ఏనుగు. తొమ్మిదో గుడ్డ చిలక. అంచున కసిమితో మురళి రాత, వాడి గుండ్రటి అక్షరాలు. 14-8-1996. చెక్కినది మురళీకృష్ణ. అద్దినది భీమేశ్వరరావు.

చిలకకి ముక్కు నిండుగా ఉంది.

ఆ ముక్కు నేను మర్చిపోయాను. అంత కొనదేరి, దానిమ్మకాయని ఇప్పుడో ఇంకాసేపటికో పొడిచేలా ఉంటుందని మర్చిపోయాను. ఇరవై ఏళ్లుగా విరిగిందే చూసీ చూసీ అదే చిలక అనుకుంటున్నాను. కళ్లు మసకలయ్యాయి. కుసుమ ముందు ఏడవకూడదని బయటికి వెళ్లి ఊరికే పంపు తిప్పి వచ్చాను. బోరు నీళ్లతో మొహం కడిగితే ఉప్పే.

"అన్నయ్యా, ఆ రోజు వాళ్లతో అచ్చు నాదే అన్నారు. నేను అక్కడే ఉన్నాను" అంది కుసుమ.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

"అది మాత్రం బాధేసింది" అంది. అచ్చు ఏదని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే.

జూన్ 21

ఝాన్సీ తెలివి మురళిది కాదు, కుసుమది. పొద్దుటి నుంచి ల్యాప్‌టాప్ ముందేసుకుని నాకూ వాళ్లమ్మకీ పాఠం చెప్పింది.

"తేదీ ఎవరైనా రాసుకోవచ్చు మావయ్యా, నమ్మరు. కానీ ఇది చూడండి. 1996 గుడ్డలో ముక్కు ఉంది. కంపెనీ వాళ్ల బొమ్మలో విరిగింది. మిగతా గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోతున్నాయి. వాళ్లు సొంతంగా గీసుకుంటే ముక్కు విరగ్గొట్టి ఎందుకు గీస్తారు?"

"మనమే వాళ్లది చూసి గీసుకున్నామంటేనో?" అంది కుసుమ.

దానికీ ఝాన్సీ దగ్గర జవాబు ఉంది. తన బారసాల ఫోటో. చిలక దుప్పటి మీద నెలరోజుల పిల్ల, నోరంతా తెరిచి ఏడుస్తోంది. పక్కనే ముక్కు విరిగిన చిలక. ఫోటో మూల స్టూడియో కెమెరా వేసిన ఎర్ర అంకెలు, 2005 జనవరి. వాళ్ల బొమ్మ పుట్టక ముందే ఇరవై ఏళ్ల కిందట ముక్కు విరిగి ఉంది.

"మీరు నా గురించి అచ్చు జారవిడవకపోతే మనకి రుజువే లేదు మావయ్యా" అంది.

అర్జీ కుసుమ పేరున పెట్టాం. యజమాని పేరు దగ్గర తన పేరు తనే టైపు కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. కింద నేను రాసిచ్చాను, ఆ అచ్చు నాది కాదు, నాదని చెప్పడం అబద్ధం అని. అది రాయడానికి నాకు అరగంట పట్టింది.

జూన్ 30

మీ సమస్య మాకు అర్థమైంది.

జూలై 7

కొట్టు తెరిచారు. రెండు వాక్యాల ఉత్తరం, కింద ఎవరి పేరూ లేదు. కంపెనీ వాళ్ల చిలక యాప్‌లోంచి తీసేశారని ఝాన్సీ చెప్పింది. మూడేళ్లుగా కొన్నవాళ్లు ఇచ్చిన మెచ్చుకోళ్లన్నీ చెరిగిపోయాయి. కొత్త కొట్టు లాగా మళ్లీ మొదటి నుంచీ. అయినా షెడ్డులో అందరం జిలేబీ తిన్నాం. పోయినదానికి ఎవరూ జవాబు చెప్పరు గానీ, ఉన్నది మనదని ఒప్పుకున్నారు.

జూలై 12

కంపెనీ వాళ్ల చిలక మళ్లీ వచ్చింది. అదే చిలక, అదే దానిమ్మ. కంప్యూటర్లో ముక్కు అతికించారు. ఇది వేరే బొమ్మ అట. ఝాన్సీ మళ్లీ అర్జీ పెట్టింది. మళ్లీ వాళ్లకి అర్థమైంది.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. కుసుమ మాత్రం ఫోన్లో బొమ్మని పెద్దది చేసి చాలాసేపు చూసి, "ఇది మీ బావ పెట్టిన ముక్కు కాదన్నయ్యా. మరీ మొద్దుగా ఉంది" అంది.

జూలై 15

మిషను అచ్చు తలుపు కింద చెక్కగా పెట్టాను. దాంతో అద్దబుద్ధి కావడం లేదు. వీరాంజనేయులు మురళి దగ్గర పదేళ్లు పని నేర్చుకున్నవాడు, చిలకని చూపు గుడ్డ చూసి మళ్లీ చెక్కుతానన్నాడు. టేకు చెక్క కుసుమే కొనిచ్చింది.

"ముక్కు ఎలా చెక్కను వదినా? నిండుగానా, విరిగినట్టుగానా? జనానికి విరిగిందే అలవాటు" అన్నాడు.

"నిండుగా చెక్కు. విరిగేది దానంతట అదే విరగాలి, మనం చెక్కకూడదు" అంది.

జూలై 26

కాలవకి నీళ్లొచ్చాయి. నాలుగు రోజులు ఎర్రగా వచ్చి, ఇవాళ కాస్త తేరాయి. ఉతికేవాళ్లు మోకాలి లోతు నీళ్లలో దిగి గుడ్డలు ఝాడిస్తుంటే ఊరికి ఊపిరి వచ్చినట్టుంది. గట్టు మీద పరిచిన గుడ్డలు చూస్తూ నడుస్తుంటే, వెనక నుంచి బావా అని పిలుస్తాడేమో అనిపించింది.

కొత్త అచ్చు వచ్చింది. వారం పాటు రాత్రీ పగలూ చెక్కిన పని, నూనెలో మూడు రోజులు నానింది. వీరాంజనేయులు పనితనం మురళి అంత కాదు, రెక్కల్లో కంగారు తెలుస్తోంది. ముక్కు మాత్రం బాగా కుదిరింది. జేబురుమాలంత గుడ్డ పరిచాను. మొదటి అద్దకం. కసిమి పడగానే గుడ్డ నల్లబడుతుంటే చిలక లోపలి నుంచి పైకి వస్తున్నట్టు ఉంటుంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారీ విసుగు పుట్టలేదు.

షెడ్డులో కుసుమా నేనూ తప్ప ఎవరూ లేరు. అందరూ కాలవ దగ్గర ఉన్నారు. ఇంక ఆగలేకపోయాను.

"కుసుమా, నీకొకటి చెప్పాలి. మురళి అచ్చు లేదమ్మా. కొత్తది వచ్చిందని మార్చిలో పొయ్యిలో పెట్టించాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

కుసుమ పాలు వడకట్టడం ఆపలేదు.

"తెలుసు అన్నయ్యా. ఆ రోజు వీరాంజనేయులు పిల్లకి జ్వరమని వెళ్లిపోయాడు. పొయ్యి దగ్గర ఉన్నది నేనే. బుట్టలోంచి తీసి వేసింది నేనే."

చేతిలో ఉన్న కొత్త అచ్చు బల్ల మీద పెట్టాను. "ఏ అచ్చో చూసుకోలేదామ్మా?" అన్నాను.

"చూసుకోకపోవడమేంటి. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను చాలాసేపు. మిగతావన్నీ అయిపోయాక ఆఖర్న వేశాను."

"మరి ఎలా వేశావు?"

"మీరు చెప్పారుగా, ఇంక అది ఎప్పటికీ పోదని" అంది. వడకట్టిన పాలు పక్కన పెట్టి, గుడ్డ పిండింది. "ఆయన పోయాక అలాంటి మాట ఎవరూ చెప్పలేదు అన్నయ్యా. నమ్మాలనిపించింది."

గుడివాడ బస్సులో ఆ నీలం చుడీదారు గుర్తొచ్చింది. నేను అబద్ధం చెప్పలేదు. అది నిజంగానే ఎప్పటికీ పోదు.

చూపు గుడ్డ ఆరాక అంచున కసిమితో తేదీ రాశాను. ఈ రాత ఎప్పుడూ మురళిది, నాకు అలవాటు లేదు. అక్షరాలు వంకర పోయాయి. చెక్కినది వీరాంజనేయులు. అద్దినది భీమేశ్వరరావు. ఆ కింద ఇంకొక వరస, మురళి ఎప్పుడూ రాయనిది, అవసరం వస్తుందని వాడికి తెలియనిది: అచ్చు కుసుమది.

కుసుమ ఆ వరస చదివింది. తడి చేత్తో పట్టుకోకుండా, చీర చెంగుకి తుడుచుకుని అందుకుంది. మడిచి ఉలుల మూటలో పెట్టి ముడి వేసింది.

"సాయంత్రం ఝాన్సీ వస్తే ఫోటో తీయమంటాను" అన్నాను.

"వద్దులెండి. ఇది మూటలోనే ఉండనీయండి" అంది కుసుమ.